డ్రైవర్ వెర్షన్ ఎవరిని అడగాలి: ఓఎస్‌నా, ఓపెన్‌జీఎల్‌నా, వల్కన్‌నా?

యూజర్ నిన్ననే గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశానంటాడు. మన సాఫ్ట్‌వేర్ మాత్రం "మీ డ్రైవర్ పాతది" అన్న పాత పాటే పాడుతుంది. విండోస్, లినక్స్, మాక్ మూడింటిలోనూ నడవాల్సిన ప్రోగ్రామ్ అయితే ఈ గొడవ మూడింతలు. అసలు ఆ నంబరు మన కోడ్ ఎవరిని అడిగి తెచ్చుకుందో ముందు చూడాలి. అడగడానికి మూడు చోట్లున్నాయి: ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్), ఇంకా బొమ్మలు గీయించడానికి ప్రోగ్రామ్ వాడే ఏపీఐలు (డ్రైవర్‌తో మాట్లాడే దారులు) ఓపెన్‌జీఎల్, వల్కన్. మూడూ మూడు రకాల జవాబులిస్తాయి.

మొదటిది ఓఎస్. విండోస్‌లో డబ్ల్యూఎంఐ (సిస్టమ్ వివరాలు చెప్పే సేవ) గానీ రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) గానీ నంబరు ఇచ్చేస్తాయి. డ్రైవర్‌ని లోడ్ చేయకుండానే తెలిసిపోవడం దీని పెద్ద సుగుణం. కానీ ఆ నంబరు యూజర్‌కి తెలిసిన నంబరు కాదు. ఎన్విడియా కార్డుకి విండోస్ 31.0.15.3623 అని చూపిస్తే, అది యూజర్ డౌన్‌లోడ్ చేసుకున్న 536.23. చుక్కలు తీసేసి చివరి ఐదు అంకెలు తీసుకోవాలన్నమాట. ఇంటెల్‌కి ఈ లెక్క పనికిరాదు, అక్కడ 31.0.101.4255 లాంటి నంబరు మొత్తంగా వాడుకోవాల్సిందే. పైగా రిజిస్ట్రీలో ఎప్పుడో పీకేసిన కార్డు ఎంట్రీ కూడా మిగిలి ఉండొచ్చు. మొదటి ఎంట్రీనే నమ్మే కోడ్ అక్కడే బోల్తా పడుతుంది.

లినక్స్‌లో ఎన్విడియా మాడ్యూల్ (ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్‌లో చేరే డ్రైవర్ భాగం) తన వెర్షన్ తానే చెబుతుంది. ఏఎండీ, ఇంటెల్ ఓపెన్ సోర్స్ డ్రైవర్లతో అలా కుదరదు. కెర్నల్ భాగం కెర్నల్‌తోనే వస్తుంది, మనకు కావాల్సిన మెసా (ఓపెన్‌జీఎల్, వల్కన్ పనిని నిజంగా చేసే డ్రైవర్ భాగం) వెర్షన్ దానికి తెలియదు. మాక్‌లో డ్రైవర్ ఓఎస్‌తో కలిసే వస్తుంది కాబట్టి ఓఎస్ వెర్షన్ చూసుకుంటే చాలు.

రెండోది ఓపెన్‌జీఎల్ ఇచ్చే వెర్షన్ స్ట్రింగ్. "4.6.0 ఎన్విడియా 535.183.01" అని ఒకటి, "4.6 కంపాటిబిలిటీ ప్రొఫైల్ మెసా 23.2.1" అని ఇంకొకటి, మాక్‌లో "4.1 మెటల్" తర్వాత మరో నంబరు. స్ట్రింగ్‌లో కనిపించిన మొదటి నంబరునే పట్టుకుని అదే డ్రైవర్ వెర్షన్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది ఓపెన్‌జీఎల్ వెర్షన్, డ్రైవర్‌ది తర్వాత వస్తుంది. ఆ తర్వాతి భాగం ఎలా ఉండాలో స్పెసిఫికేషన్ చెప్పలేదు, కంపెనీల ఇష్టం.

అయినా నాకు ఈ స్ట్రింగ్ అంటే గౌరవం. బొమ్మ నిజంగా ఎవరు గీస్తున్నారో చెప్పేది ఇదీ, దీనితోపాటు ఓపెన్‌జీఎల్ విడిగా ఇచ్చే రెండరర్ (గీసేవాడి) పేరూ. విండోస్‌లో రెండరర్ పేరు "జీడీఐ జెనరిక్", వెర్షన్ 1.1.0 అని వచ్చిందంటే, కార్డు డ్రైవర్ అసలు రంగంలోకే రాలేదు. లినక్స్‌లో ఆ పేరులో "ఎల్ఎల్‌వీఎంపైప్" కనిపిస్తే పని ప్రాసెసర్ మీద పడిందని అర్థం. అప్పుడు డ్రైవర్ పాతదా కొత్తదా అన్న ప్రశ్నే తప్పు. ఫ్లాట్‌పాక్ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో విడి పెట్టెలో నడిపే పద్ధతి) లోపల నడిచే ప్రోగ్రామ్‌కైతే బయటి సిస్టమ్ మెసా ఒకటి, లోపలిది ఇంకొకటి. మనం వాడేది లోపలిదే, స్ట్రింగ్ చూపించేదీ అదే.

మూడోది వల్కన్. డ్రైవర్ వెర్షన్‌ని ఒకే 32 బిట్ల సంఖ్యలో ఇస్తుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. చిక్కల్లా ఆ బిట్లను పంచుకోవడంలో ఉంది. మామూలు పద్ధతి 10, 10, 12, అంటే వెర్షన్‌లోని మొదటి ముక్కకి 10 బిట్లు, రెండోదానికి 10, మూడోదానికి 12. ఎన్విడియాది 10, 8, 8, 6. విండోస్‌లో ఇంటెల్‌ది 18, 14. ఎన్విడియా 535.183.01ని మామూలు పద్ధతిలో విప్పితే 535.732.64 అని వస్తుంది. బగ్ రిపోర్టులో లోకంలో లేని ఇలాంటి వెర్షన్ కనిపిస్తే యూజర్‌ని అనుమానించకండి, మన డీకోడర్‌ని చూడండి. 2020లో వచ్చిన వల్కన్ 1.2 నుంచి డ్రైవర్ పేరు, వివరం చదవగలిగే స్ట్రింగ్‌లుగా కూడా అందుతున్నాయి. ఉన్నచోట అవే వాడుకోవడం మేలు.

మరి ఏది మేలు? డ్రైవర్ లోడ్ అయ్యాక అడుగుతున్నారా, కాకముందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. లోడ్ అయ్యాక అయితే, ఏ ఏపీఐతో గీస్తున్నారో దాన్నే అడగండి. రెండు జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) ఉన్న ల్యాప్‌టాప్‌లో ఓఎస్ రెండింటి పేర్లూ చెబుతుంది, మన విండో ఏ జీపీయూ మీద నడుస్తోందో చెప్పదు. కాంటెక్స్ట్ (గీయడం మొదలుపెట్టే ముందు ఏపీఐతో చేసుకునే ఏర్పాటు) తయారవుతుండగానే క్రాష్ చేసే డ్రైవర్‌ని ముందే పట్టుకోవాలంటే మాత్రం ఓఎస్ తప్ప దిక్కులేదు. లేదంటే ఆ పరీక్షను విడి ప్రాసెస్‌లో చేయాలి. పడితే అదొక్కటే పడుతుంది.

ఎవరిని అడిగినా, పోల్చేటప్పుడు ఇంకో గుంట ఉంది. 535.54 కన్నా 535.183 కొత్తది. దశాంశ సంఖ్యలుగా పోల్చినా, అక్షరాలుగా పోల్చినా జవాబు తలకిందులుగా వస్తుంది. చుక్క దగ్గర విడగొట్టి, ఒక్కో ముక్కనీ పూర్ణాంకంగా పోల్చాలి. నేనైతే లాగ్‌లో ముడి స్ట్రింగ్, విప్పిన నంబరు, ఏ దారిలో తెచ్చామన్నది మూడూ రాయిస్తాను. యూజర్ ఫైలు పంపిన రోజున తప్పు డ్రైవర్‌దో, స్ట్రింగ్‌ని విడగొట్టి చదివే మన పార్సర్‌దో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.