హన్మకొండలో నడుము, మోకాళ్ల వ్యాయామ శిక్షణ: నాలుగు నెలల తరువాత నా అభిప్రాయం

గత సంక్రాంతికి సకినాలు చుట్టడానికి నేల మీద కూర్చున్న నేను, రెండు గంటల తరువాత గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయాను. నా వయసు 61; ఈ వయసుకు ఇది మామూలేనని ఇంట్లో అందరూ సర్దిచెప్పారు. అంతకు ముందు ఏడాది ఒక చోట పది రోజులు నడుముకు కాపడం, కరెంటు పెట్టించుకున్నాను. ఆ పది రోజులు హాయిగా గడిచాయి కానీ, నీళ్ల బిందె ఎత్తిన మొదటి రోజే నొప్పి తిరిగి వచ్చింది. అందువల్ల జూన్‌లో నక్కలగుట్టలోని ఈ శిక్షణ కేంద్రంలో చేరినప్పుడు నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

ఎముకల డాక్టరు రాసిన చీటీ, ఎక్స్‌రే చూసిన తరువాతే ఇక్కడ చేర్చుకుంటారు. మొదటి రోజు ముప్పావు గంట సేపు నేను ఎలా కూర్చుంటున్నానో, ఎలా లేస్తున్నానో, కింద ఉన్న వస్తువును ఎలా అందుకుంటున్నానో గమనించారు. చేతులు ఛాతీ మీద కట్టుకొని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలనో లెక్కపెట్టారు. నేను 9 సార్లు లేచాను. 60 నుంచి 64 ఏళ్ల స్త్రీలలో 12 కన్నా తక్కువ వస్తే కాళ్ల బలం సగటు కన్నా తక్కువని అర్థమట.

నాకు అన్నిటికన్నా మేలు చేసినది వంగడంలో ఇచ్చిన శిక్షణ. వీపు వెంట ఒక కర్రను నిలువుగా ఆనించి, అది తల వెనుక, భుజాల మధ్య, నడుము కింది ఎముక దగ్గర తాకుతూ ఉండేలా, తుంటి కీళ్ల దగ్గర మాత్రమే మడిచి ముందుకు వంగమన్నారు. మూడు వారాల పాటు ఆ కర్ర నా వీపు మీద నిలవలేదు. ఇన్నేళ్లుగా నేను వంగినదంతా నడుముతోనేనని, తుంటి కీళ్లు, పిరుదుల కండరాలు చేయవలసిన పనిని కూడా వెన్నెముక మీదనే వేశానని అప్పుడు తెలిసింది. బిందెను ఒంటికి ఎంత దూరంగా పట్టుకుంటే నడుము మీద అంత భారం పెరుగుతుందన్న సంగతి కూడా, ఖాళీ బిందెతో మొదలుపెట్టి వారం వారం కొంచెం కొంచెంగా నీళ్లు పెంచుతూ చేయించినప్పుడే నాకు ఒంటబట్టింది. గొంతుకు కూర్చుంటే నా మడమలు పైకి లేవడానికి చీలమండలు బిగుసుకుపోవడమే కారణమని చూపి, వాటికి వేరే వ్యాయామం ఇచ్చారు. నొప్పి ఉన్న చోటే లోపం ఉంటుందని అనుకోకుండా పైనా కిందా ఉన్న కీళ్లను కూడా పరీక్షించడం నాకు ఎంతో నచ్చింది.

బతుకమ్మ దగ్గరపడినప్పుడు ఆటలో వంగి చప్పట్లు కొట్టే అడుగునే వ్యాయామంగా మార్చి, మొదట పది నిమిషాలు, తరువాత అరగంట చేయించారు. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర నేను గంటకు పైగా ఆడాను. మరునాడు తొడలు పట్టేశాయి కానీ నడుము నొప్పి రాలేదు.

లోపాలు లేకపోలేదు. మోకాళ్ల నొప్పులతో వచ్చేవారి కోసం నడిపే కేంద్రాన్ని లిఫ్టు లేని రెండో అంతస్తులో పెట్టడం సమర్థించలేని విషయం. నాతో పాటు చేరిన ఒక పెద్దావిడ ఆ మెట్ల వల్లనే మానేశారు. సాయంత్రం పన్నెండు, పద్నాలుగు మందికి ఒకే శిక్షకురాలు ఉండటంతో తప్పుగా వంగుతున్నా సరిచేసేవారు ఉండరు. ఇంటి దగ్గర చేయవలసిన వ్యాయామాలను నోటితోనే చెప్పేవారు, కాగితం మీద రాసిచ్చేవారు కాదు. ఈ మూడింటినీ నేను వారికి నేరుగా చెప్పాను; రాసివ్వడం మాత్రం ఈ నెల నుంచి మొదలుపెట్టారు.

వారానికి మూడు రోజులకు గాను నెలకు 2,500 రూపాయలు తీసుకుంటారు. పోయిన వారం కుర్చీ పరీక్షలో నాకు 14 వచ్చాయి. చేరదలచిన వారు మెట్లు ఎక్కగలిగితే ఉదయం ఆరున్నర బ్యాచ్ అడగండి; అప్పుడు ఐదారుగురే ఉంటారు, శిక్షకురాలు ప్రతి ఒక్కరి పక్కనా నిలబడి చూస్తారు.