అమీగా 1000 కొనేవాళ్లకు జాగ్రత్త: చెయ్యి బొమ్మ చూసి డబ్బులివ్వకండి

తిరుపతి, చిత్తూరు వైపు పాత కంప్యూటర్లు వెతుక్కుని కొనేవాళ్లు బేరానికి వెళ్లేముందు ఇది చదవండి. ఈ మధ్య తిరుపతిలో ఒక కమోడోర్ అమీగా 1000 "పూర్తి కండిషన్, ఫ్లాపీ ఒక్కటే లేదు" అన్న మాట మీద అమ్ముడుపోయింది. ఆన్ చేస్తే తెర మీద ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి బొమ్మ వచ్చింది. "డిస్క్ వేస్తే చాలన్నా, లేచి కూర్చుంటుంది" అన్నారు. ఇంటికి తెచ్చి మంచి డిస్క్ వేస్తే చదివినంతసేపు చదివి ఎర్ర తెర చూపించింది. అమ్మినాయన్ని అడిగితే "ఆన్ చేసి చూపించినాను కదా" అన్నాడు.

ఆ బొమ్మతో తేలేది చాలా తక్కువ. 1985లో ఈ మెషిన్ వచ్చేనాటికి కిక్‌స్టార్ట్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రోమ్‌లో పోసేంత ఖాయం కాలేదు. అందుకే ఫ్లాపీ నుంచి 256 కేబీల ప్రత్యేక మెమరీలోకి ఎక్కించే ఏర్పాటు చేశారు. తర్వాతి అమీగా 500, 2000లలో అది రోమ్ చిప్‌లోనే ఉంటుంది. చెయ్యి బొమ్మను చూపించేది లోపలున్న చిన్న బూట్ రోమ్. అది వచ్చిందంటే ప్రాసెసర్, వీడియో చిప్స్, మామూలు ర్యామ్ కొంతవరకైనా బాగున్నట్టు. డ్రైవ్ చదువుతుందో లేదో, ఆ 256 కేబీల మెమరీ బతికుందో లేదో దానివల్ల తెలీదు. చెడిపోయేవాటిలో ఆ రెండూ ఉంటాయి.

మూత విప్పి లోపలి వైపు అచ్చుపోసిన సంతకాలు, అమీగా చిప్స్ రూపొందించిన జే మైనర్ కుక్క మిచీ పాదం గుర్తు చూపించి మురిపిస్తారు. అవి ఉంటే అసలు మెషినే అని అర్థం, అంతవరకే.

ప్లగ్ పెట్టేముందు వెనకాల లేబుల్ చదవండి. అమెరికా నుంచి వచ్చినదైతే 110–120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే పవర్ సప్లై కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వెంట తీసుకెళ్లండి, 200 వీఏది సరిపోతుంది.

కిక్‌స్టార్ట్ డిస్క్ మీరే తీసుకెళ్లండి, ఒకటి కాదు, రెండు. మామూలు పీసీ డ్రైవ్‌తోనో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తోనో ఈ డిస్కులు రాయలేం. అమీగా ఒక్కో ట్రాక్‌లో 11 సెక్టార్లు తన పద్ధతిలో రాసుకుంటుంది, పీసీ కంట్రోలర్‌కు అది అర్థం కాదు. గ్రీజ్‌వీజిల్ అనే, ఫ్లాపీ డ్రైవ్‌ను యూఎస్‌బీకి కలిపే బోర్డు ఉంటే పాత పీసీ డ్రైవ్‌తోనే రాయొచ్చు. డబుల్ డెన్సిటీ ఫ్లాపీ మీదే రాయండి. 1.44 ఎంబీ ఫ్లాపీ పూత వేరు, ఈరోజు చదివింది వారానికి చదవకపోవచ్చు. కిక్‌స్టార్ట్ 1.2 గానీ 1.3 గానీ తీసుకోండి. "2.04 కూడా ఇస్తాం" అంటే నమ్మొద్దు, అది 512 కేబీలు, 256లో పట్టదు.

అమ్మేవాళ్లు వాళ్ల ఫ్లాపీ ఇస్తే డ్రైవ్‌లో పెట్టేముందు రేకు పక్కకు జరిపి, వెనకాల ఇనుప చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ వెలుతురులో చూడండి. నవంబరు వానల చెమ్మకు అటక మీద పడున్న ఫ్లాపీలకు బూజు పడుతుంది. తెల్లటి చుక్కలో, పొడిలాంటి చారలో కనిపిస్తాయి. అలాంటిది ఒక్కసారి పెట్టినా హెడ్‌కు మకిలి అంటుకుని, తర్వాత పెట్టిన మీ మంచి డిస్క్‌ను కూడా గీకేస్తుంది. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే మీ డిస్క్ పెట్టండి.

డిస్క్ పెట్టాక చెవి పెట్టి వినండి. 256 కేబీలు చదవడానికి హెడ్ డిస్క్ మీది 80 సిలిండర్లలో (వలయాల్లో) సుమారు 24 మాత్రమే దాటాలి. మధ్యలో ఒకేచోట మళ్లీ మళ్లీ కొట్టుకుంటుంటే డిస్కో డ్రైవో చదవలేకపోతోందని అర్థం. శుభ్రంగా చదివేసి ఎర్ర తెర వస్తే, మెమరీలోకి చేరినదాని చెక్‌సమ్ (సరిగ్గా చేరిందో లేదో చూసే లెక్క) కలవలేదన్నమాట. ఆకుపచ్చ తెర వేరు, అది మామూలు చిప్ ర్యామ్ తప్పు. నీలం కస్టమ్ చిప్స్‌ది, అంటే వీడియో, సౌండ్ లాంటివి చూసుకునే ప్రత్యేక చిప్స్‌ది.

ఎర్ర తెర వచ్చినప్పుడు డ్రైవ్‌ను అనుమానించాలా, మెమరీనా? ఫ్లాష్‌ఫ్లాపీ సాఫ్ట్‌వేర్ ఉన్న గోటెక్‌ను (పెన్‌డ్రైవ్‌లోని ఇమేజ్‌ను ఫ్లాపీలా చూపించే పెట్టెను) లోపలి డ్రైవ్ స్థానంలో తగిలించి అదే కిక్‌స్టార్ట్ ఇమేజ్ ఇవ్వండి. అప్పుడు ఎక్కితే తప్పు డ్రైవ్‌దో డిస్క్‌దో, బాగుచేసుకోవచ్చు. అప్పుడూ ఎరుపే అయితే మెమరీ చిప్స్ చూడాలి. 64కే×4 రకానివి, 18 కాళ్లవి, ఎనిమిది ఉంటాయి. కొన్ని మెషిన్లలో ఇవి మదర్‌బోర్డు మీద ఎక్కించిన వేరే బోర్డులో ఉంటాయి. ముందు ఆ బోర్డును ఊడదీసి, కాంటాక్టులు తుడిచి మళ్లీ బిగించండి, తుప్పుకే ఇలా అవుతుంటుంది. అయినా మారకపోతే, కాసేపటికే వేలు పెట్టలేనంత వేడెక్కే చిప్‌ను మొదట అనుమానించండి. తీసి సాకెట్ పెట్టాక కొత్తది వేయండి.

కిక్‌స్టార్ట్ ఎక్కి, వర్క్‌బెంచ్ (అమీగా డెస్క్‌టాప్) డిస్క్ అడిగే చెయ్యి వచ్చినా బేరం అప్పుడే ఖాయం చేయకండి. అరగంట నడవనిచ్చి కంట్రోల్‌తో పాటు రెండు అమీగా మీటలూ కలిపి నొక్కండి. మెమరీ బాగుంటే నేరుగా వర్క్‌బెంచ్‌నే అడుగుతుంది. మళ్లీ కిక్‌స్టార్ట్ అడిగిందంటే వేడికి అందులోది చెరిగిపోతోంది. మన ఎండాకాలంలో ఈ రకం తప్పు ఇంకా తొందరగా బయటపడుతుంది. పవర్ ఆపి ఆన్ చేస్తే కిక్‌స్టార్ట్ అడగడం మామూలే, దాన్ని తప్పు అనుకోకండి.

దూరం నుంచి కొంటుంటే ఆపకుండా తీసిన ఒకే వీడియో అడగండి: పవర్ ఆన్, మొదటి చెయ్యి, డిస్క్ పెట్టడం, రెండో చెయ్యి, అరగంట తర్వాత రీసెట్. "అంత టైం లేదన్నా" అంటే పనిచేయని మెషిన్ ధరే చెప్పండి. ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.