తిరుపతిలో ఎథిక్స్ కమిటీ అనుమతి: ఒక దరఖాస్తుదారు అంచనా

అలిపిరి మెట్ల మార్గంలో చెప్పులు లేకుండా కొండెక్కే మధుమేహ రోగుల పాదాలలో స్పర్శ ఎంత తగ్గి ఉంటుంది, పైకి చేరేసరికి ఎందరికి బొబ్బలు, పుండ్లు పడుతున్నాయి అన్నది నా పీజీ థీసిస్ అంశం. ఇటువంటి పరిశోధనకు పని మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో పాల్గొనేవారి హక్కులకూ క్షేమానికీ భంగం కలగకుండా చూసే సంఘం, అనుమతి ఉండాలి. అందుకోసం తిరుపతిలోని ఒక వైద్య కళాశాల కమిటీకి దరఖాస్తు పెట్టుకున్నాను.

ఆఫీసు తీరు బాగాలేదు. వెబ్‌సైటులో ఉన్న దరఖాస్తు పాతది కావడంతో పన్నెండు జిరాక్స్ కాపీలూ వృథా అయ్యాయి. మొదటి సమావేశం కోరం లేక వాయిదా పడింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కనీసం 5 మంది సభ్యులు హాజరు కావాలి, వారిలో వైద్యేతరులూ సంస్థకు బయటివారూ ఉండాలి కనుక, ఆ రోజు వచ్చిన డాక్టర్లతోనే కానిచ్చేయకుండా వాయిదా వేయడం సరైన పనే. అయితే ఆ మాట ముందురోజు ఫోనులో చెప్పి ఉంటే నేను చిత్తూరులో తెల్లవారుజామున బస్సెక్కే అవసరం ఉండేది కాదు.

సమావేశం మాత్రం నేను ఊహించిన దానికంటే ఎంతో లోతుగా సాగింది. సామాన్యుల తరఫున సభ్యురాలిగా ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు పరిశోధనలో చేరేవారు సంతకం చేయవలసిన నా సమ్మతి పత్రాన్ని నా చేతికే ఇచ్చి, పైకి చదవమన్నారు. ‘పరిధీయ నాడీ వ్యాధి’ దగ్గర నాకే నాలుక తడబడింది. అది ‘అరికాళ్లు మొద్దుబారడం’గా, ‘5 మిల్లీలీటర్ల సిరా రక్తం’ ‘మోచేతి దగ్గర సూదితో ఒక టీ చెంచాడు రక్తం’గా మారాయి. ఆ తరువాత ఆమె, ‘సంతకం ఎక్కడ తీసుకుంటారమ్మా?’ అని అడిగారు. కొండపైన, ఆఖరి మెట్టు దగ్గర అన్నాను. 3,550 మెట్లు ఎక్కి, దర్శనానికి ఆలస్యమవుతుందని ఆత్రపడే మనిషి ఆ నిమిషంలో చదవకుండా పెట్టే సంతకం సమ్మతి ఎలా అవుతుందన్నది ఆమె ప్రశ్న. దాంతో సమ్మతీ, స్పర్శ పరీక్షా కింద అలిపిరిలోనే జరగాలని తేలింది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. కింద పరీక్షించినప్పుడే ఒకరి పాదానికి స్పర్శ లేదని తెలిస్తే, ఆ మాట వారికి చెప్పకుండా పైకి పంపి, పుండు పడిందో లేదో చూడవచ్చా? చెబితే కొందరు చెప్పులు వేసుకుంటారు, లెక్క చెదిరిపోతుందని మా గైడ్ వాదించారు. లెక్క చెదిరినా చెప్పి తీరాలనీ, చెప్పులు వేసుకున్నవారిని వేరే వర్గంగా చూపాలనీ, పుండు కనిపిస్తే కట్టు కట్టి ఆసుపత్రికి పంపే ఏర్పాటు రాతపూర్వకంగా ఉండాలనీ కమిటీ నిర్ణయించింది. నాకు తట్టవలసిన ప్రశ్న వారికి తట్టినందుకు కొంత సిగ్గుపడ్డాను.

చదువు రానివారు వేలిముద్ర వేసేటప్పుడు మా బృందానికి చెందని సాక్షి పక్కనే ఉండాలన్నారు. ఇది చాదస్తమని నేను అనుకోను. 2009లో ఖమ్మం జిల్లాలో మొదలై, మరుసటి ఏడాది ఆపివేసిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా అధ్యయనంలో, హాస్టళ్లలోని బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేసిన ఉదంతం మన తెలుగు నేల మీదిదే.

సవరణలు ఇచ్చాక వచ్చిన అనుమతి లేఖలో ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక పత్రం) వెర్షన్ సంఖ్య, తేదీ లేవు. అవి లేకపోతే ఏ ప్రతికి అనుమతి వచ్చిందో నిరూపించలేము కనుక మళ్లీ వెళ్లి రాయించుకోవలసి వచ్చింది. కమిటీ పరిశీలనకు ఐదుకు నాలుగున్నర, ఆఫీసుకు రెండు మార్కులు వేస్తాను. ఇకముందు వెళ్లేవారు సమ్మతి పత్రం తమిళ ప్రతిని కూడా వెంట తీసుకెళ్లండి. నగరి, సత్యవేడు వైపు నుంచీ చెన్నై నుంచీ వచ్చే భక్తుల సంగతి నేను మరిచిపోయినందుకు ఇంకో నెల ఆగవలసి వచ్చింది.