సింహరాజ అడవి చూడాలంటే రత్నపురలో దిగకండి

సింహరాజ వానాడవి చూడ్డానికి మా ఎమ్మెస్సీ జువాలజీ బ్యాచ్ వేసుకున్న శ్రీలంక స్టడీ టూర్‌కి విశాఖలో ఒక ఏజెంటు ప్యాకేజీ కట్టాడు. మనిషికి ₹68,500. "హోటల్ అడవి అంచునే, జీపు ఖర్చు కూడా ఇందులోనే" అన్నాడు. మాలో చాలామంది ఇంట్లో అప్పు చేయించి కట్టారు. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

చెన్నై మీదుగా కొలంబో వరకు ఏ ఇబ్బందీ లేదు. క్యాండీ దగ్గరి పేరాదెనియ వృక్షోద్యానానికి ఒక పూట చాలు, జంట కొబ్బరికాయలా ఉండే పెద్ద కాయల కోకో డి మేర్ చెట్టునీ పెద్ద జావా మర్రినీ మాత్రం వదలకండి.

అసలు మోసం రత్నపురలో. అడవి అంచున అన్న హోటల్ ఊరి మధ్యలో ఉంది. అక్కడి నుంచి సింహరాజ కుడావ గేటుకి ఘాట్ మలుపుల్లో దాదాపు రెండు గంటలు. పక్షుల హడావిడంతా పొద్దున్నే కాబట్టి అయిదుకే బయల్దేరతాం, టిఫిన్ పొట్లాలు కట్టివ్వండని మా మేడమ్ అడిగితే, "టిఫిన్ ఏడున్నరకే, ఏదున్నా మీ ఏజెంటుతో మాట్లాడుకోండి" అని మేనేజరు ముఖం తిప్పుకున్నాడు. దోమతెరకి చెయ్యి పట్టేంత చిరుగు. టీకి కూడా 10 శాతం సర్వీస్ చార్జి. మర్నాడు మేం గేటు చేరేసరికి పది దాటింది, వాన పట్టుకుంది. జీపువాడు వేరేగా 5,000 శ్రీలంక రూపాయలు అడిగాడు. ఏజెంటు ఫోనెత్తలేదు. తిరుగు దారిలో బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రే మేడమ్ గేటు దగ్గరి ఊరు కుడావలో ఒక ఇంట్లో గదులు మాట్లాడేశారు. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్‌తో మనిషికి 4,500, అంటే మన డబ్బుల్లో దాదాపు ₹1,300. గదుల్లో తేమ వాసన ఉంది, ఏసీ లేదు. కానీ ఆ ఇంటావిడ, మేమంతా అక్కా అనే పిలిచాం, నాలుగున్నరకే లేచి ఇడియాప్పం, సంబోల్ అనే కొబ్బరి పచ్చడి ఆకుల్లో పొట్లం కట్టిచ్చింది. రాత్రి ఎర్ర బియ్యం అన్నంలోకి లేత పనసకాయ కూర. ఆవ పెట్టిన పనసపొట్టు తింటూ పెరిగినవాళ్లం, పనస గురించి మాకు కొత్తగా ఎవరు చెప్పాలి అనుకున్నాం. కొబ్బరిపాలు, దాల్చినచెక్కతో అది సన్నసెగ మీద ఉడికి, ముక్క పీచుపీచుగా విడిపోతోంది. హోటల్లో అలిగి పడుకున్న మా శ్రీకాకుళం కుర్రాడు మూడోసారి వడ్డించుకున్నాడు.

మర్నాడు ఆరున్నరకి అడవిలో ఉన్నాం. గైడు లేనిదే లోపలికి పంపరు, మాకు దొరికినవాడు ఆ ఊరివాడే. ఒకచోట చెయ్యెత్తి ఆపాడు. ముందు నారింజ ముక్కు బాబ్లర్ పక్షుల గోల, వెనకే మన పసులపోలిగాడి జాతి డ్రోంగోలు, వాటి మధ్య ఇంకెన్నో. బాబ్లర్లు ఆకులు కదిపితే లేచే పురుగుల్ని డ్రోంగోలు గాల్లోనే పట్టేస్తున్నాయి. రకరకాల పక్షులు కలిసి మేత వెతికే మిశ్రమ గుంపు, క్లాసులో బోర్డు మీద గీసుకున్నదే, మా నెత్తి మీదుగా వెళ్లింది. ఆ తర్వాత గైడు ఒక ఆకు మీద గోరంత పొద కప్పని చూపించాడు. ఈ జాతుల్లో తోకకప్ప దశే ఉండదు, గుడ్డులోంచి నేరుగా కప్పపిల్లే వస్తుంది. ఇక్కడి చెట్లలో 60 శాతానికి పైగా ఈ దీవికే పరిమితమైనవి. 1988లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన అడవిని పది గంటలకి వచ్చి ఏం చూస్తాం?

జలగలు మాత్రం ఖాయం. జలగ సాక్సులు అక్కడ 1,200 శ్రీలంక రూపాయలు అడిగారు, ఇక్కడే మందపాటి గుడ్డతో మోకాలి దాకా కుట్టించుకోండి. అనుమతి లేకుండా ఆకు కూడా తెంపకూడదు, ఆకులు ఎండబెట్టి అతికించే హెర్బేరియం ఆశ పెట్టుకోకండి. జనవరి నుంచి మార్చి లోపల వెళ్లండి. ఏజెంటు దగ్గర హోటల్ పేరు, గేటుకి ఎన్ని కిలోమీటర్లో, జీపు ఎవరిదో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. మా జీపు డబ్బులు ఇంకా రాలేదు, వచ్చే బ్యాచ్‌కి సర్దుతానంటున్నాడు. జూనియర్లూ, ఆ మాట మీద అతనికి టూర్ ఇవ్వొద్దు.