జీవామృతమా, పంచగవ్యమా?

రెండూ ఆవు పేడ, గోమూత్రం పులియబెట్టి మొక్కలకి చేసే ద్రవ ఎరువులే. ఇంటి ముందు పెంచే పచ్చగడ్డికైతే జీవామృతమే నయం. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను నీళ్లలో కలిపి నీడన పెడితే 2 రోజుల్లో తయారు. లీటరుకి 9 లీటర్ల నీళ్లు కలిపి కొడతాను. వారం దాటితే మాత్రం కంపు. పక్కింటివాళ్లు కిటికీలు మూసేస్తారు. ఓసారి గుడ్డలో వడకట్టడం మర్చిపోయా. స్ప్రేయర్ నాజిల్‌లో పేడ పీచు ఇరుక్కుని, గుండుసూదితో పొడుచుకుంటూ అరగంట కూర్చున్నా.

పంచగవ్యకి పాలు, పెరుగు, నెయ్యి కూడా పడాలి. పులియడానికి సుమారు 3 వారాలు. జేబుకి బరువే. కానీ నెలల తరబడి నిల్వ ఉంటుంది, లీటరు నీళ్లకి 30 మిల్లీలీటర్లు చాలు. మేడమీద కుండీల్లో టమాటాకీ మల్లెకీ ఇదే వాడతా.

ఏది కొట్టినా బెజవాడ ఎండలో పగలు వద్దు. పొద్దువాలాక, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి.