క్రాంక్-నికల్సనా, ఎఫ్ఎఫ్‌టీయా? వేవ్ ఫంక్షన్‌ని నడపడానికి ఏది మేలు?

తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే పిల్లలు నన్ను అడిగేది ఇదే: "సార్, టన్నెలింగ్ సిమ్యులేషన్‌కి క్రాంక్-నికల్సన్ వాడాలా, ఎఫ్ఎఫ్‌టీ వాడాలా?"

టన్నెలింగ్ అంటే దాటేంత శక్తి లేకపోయినా కణం అడ్డుగోడను (బ్యారియర్) దాటేయడం. దాన్ని చూడాలంటే వేవ్ ఫంక్షన్‌ని, అంటే కణం ఎక్కడ ఉండొచ్చో చెప్పే తరంగాన్ని, ష్రోడింగర్ సమీకరణం ప్రకారం చిన్న చిన్న టైమ్ స్టెప్‌లతో ముందుకు నడపాలి. క్రాంక్-నికల్సన్ ప్రతి స్టెప్‌లో ఒక సమీకరణాల వరసను సాధిస్తుంది, ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్) తరంగాన్ని వేర్వేరు తరంగదైర్ఘ్యాలుగా విడగొడుతుంది. రెండూ నికరమైనవే. రెండింట్లోనూ మొత్తం సంభావ్యత 1 దగ్గరే నిలబడుతుంది. టైమ్ స్టెప్ సగం చేస్తే దానివల్ల వచ్చే ఎర్రర్ దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. అన్నిటికన్నా సులువైన మామూలు ఆయిలర్ పద్ధతి జోలికి పోకండి, నార్మ్ (అంటే ఆ మొత్తం సంభావ్యత) పెరిగిపోతూనే ఉంటుంది.

నా లెక్కలో అసలు తేల్చేది గతిశక్తి. సమీకరణంలో గతిశక్తి వేవ్ ఫంక్షన్ రెండో డెరివేటివ్‌గా వస్తుంది. క్రాంక్-నికల్సన్‌లో మామూలుగా దాన్ని గ్రిడ్ మీది పక్క పాయింట్ల తేడాలతో కడతాం. తరంగదైర్ఘ్యానికి ఆరు పాయింట్ల చిల్లర పడేలా గ్రిడ్ వేశామనుకోండి, అంటే కె (2పైని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది), డీఎక్స్ (పాయింట్ల మధ్య దూరం)ల లబ్ధం 1. అప్పుడు ప్యాకెట్ (కణాన్ని సూచించే తరంగాల గుంపు) వేగం ఉండాల్సిన దాంట్లో 0.84 వంతే ఉంటుంది. టైమ్ స్టెప్ ఎంత చిన్నది చేసినా ఈ 16 శాతం వెనకబాటు పోదు. దాన్ని 1 శాతానికి తేవాలంటే తరంగదైర్ఘ్యానికి 26 పాయింట్ల దాకా కావాలి. ప్యాకెట్ బ్యారియర్ దగ్గరికి ఆలస్యంగా చేరితే, అదేదో క్వాంటమ్ వింత అని రిపోర్టులో రాసేసేవాళ్లూ ఉన్నారు!

ఎఫ్ఎఫ్‌టీతో ఆ బెడద లేదు. పొటెన్షియల్ ఫేజ్‌ని సగం స్టెప్‌కి గుణించి, ఎఫ్ఎఫ్‌టీతో మొమెంటం (కె) వైపు వెళ్లి, కె స్క్వేర్ ఫేజ్‌ని గుణించి, వెనక్కొచ్చి, మిగతా సగం గుణించడమే. గ్రిడ్ పట్టగలిగిన ప్రతి కె విలువకీ గతిశక్తి కచ్చితం. 1982లో ఫైట్, ఫ్లెక్, స్టైగర్ ష్రోడింగర్ సమీకరణానికి వాడి చూపిన దారి ఇది. పైథాన్ లైబ్రరీ నంపై ఇచ్చే ఫ్రీక్వెన్సీలను 2పైతో గుణిస్తేనే కె వస్తుంది, అది మాత్రం మరవకండి. ఎఫ్ఎఫ్‌టీ అంటే టెన్షన్ పడేవాళ్లు పక్కనే ఉన్న గాదంకి వాతావరణ రాడార్‌ని తలచుకోండి, అక్కడ గాలి వేగాన్ని తీసేది డాప్లర్ స్పెక్ట్రమ్ నుంచే.

వేగం సంగతికొస్తే, 1డీలో ల్యాప్‌టాప్ మీద తేడా పెద్దగా తెలియదు. 2డీకి వెళ్తే క్రాంక్-నికల్సన్‌లోని ట్రైడయాగనల్ సుఖం (ప్రతి పాయింట్‌కీ రెండు పక్క పాయింట్లతోనే లంకె ఉండి సమీకరణాలు త్వరగా తేలడం) పోతుంది, ఎఫ్ఎఫ్‌టీ కోడ్ మాత్రం పెద్దగా మారదు. ఇన్ఫినిట్ వెల్ లాంటి గట్టి గోడలుంటే క్రాంక్-నికల్సనే హాయి. చెబిషెవ్ పాలినోమియల్స్‌తో నడిపే మరో పద్ధతి ఇంకా కచ్చితమైనదే, ఎమ్మెస్సీకి అంత అక్కర్లేదు.

ఎఫ్ఎఫ్‌టీకి ఉన్న చిక్కల్లా అంచుల దగ్గరే. కుడివైపు దాటిన ప్యాకెట్ ఎడమవైపు నుంచి లోపలికొస్తుంది. అందుకే అక్కడ ప్యాకెట్‌ని పీల్చేసే ఇమాజినరీ (-1 వర్గమూలం ఉన్న) పొటెన్షియల్ పెడతాం. దాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవాలి, ఒక్కసారిగా పెంచితే అదే గోడై ప్యాకెట్‌ని వెనక్కి కొడుతుంది.