ఏఆర్-15లో .22 తూటా: కిట్టా, ప్రత్యేక అప్పరా, విడి రైఫిలా?

ఒక .223 తూటా ఖర్చుకు నాలుగైదు .22 లాంగ్ రైఫిల్ తూటాలు వస్తాయి. చప్పుడు తక్కువ, భుజానికి తన్ను దాదాపు తెలియదు. అందుకే .223 తూటా వాడే ఏఆర్-15 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉన్నవాళ్లు సాధన కోసం .22 వైపు చూస్తారు. దారులు మూడున్నాయి. ఉన్న రైఫిల్లోంచి బోల్ట్ క్యారియర్ (తూటా వెనక మూతలా నిలిచే బోల్ట్ ఉండే ముక్క) తీసి ఆ చోట మార్పిడి కిట్ పెట్టుకోవచ్చు. .22 బ్యారెల్‌తో వచ్చే పూర్తి అప్పర్ (రైఫిల్ పైసగం) కొని మన లోయర్ (ట్రిగ్గర్ ఉండే కింది సగం) మీద బిగించుకోవచ్చు. లేదంటే .22 కోసమే పుట్టిన విడి రైఫిల్ కొనుక్కోవచ్చు. ఎక్కువమంది ధర చూసి ఎంచుకుంటారు. చూడాల్సింది ముందు బ్యారెల్‌ని. కిట్‌లోని బోల్ట్ ఎంత నాణ్యంగా ఉన్నా, గుండు బయటికి పోయేది .223 కోసం గాడులు కోసిన గొట్టంలోంచే.

కిట్ ఎలా పనిచేస్తుంది

ఈ ఆలోచన పాతదే. మ్యాక్స్‌వెల్ ఆచిసన్ ఎం16 (ఏఆర్-15కి సైనిక రూపం) కోసం చేసిన డిజైన్ ఆనవాళ్లు ఇవాళ్టి కిట్లలోనూ కనిపిస్తాయి. అమెరికా సైన్యం శిక్షణ ఖర్చు తగ్గించుకోవడానికి ఎం261 అనే కిట్ వాడింది. దాని 10 తూటాల చిన్న మ్యాగజైన్‌ని మామూలు ఎం16 మ్యాగజైన్ లోపల దూర్చేవారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు సీఎంఎంజీ. దానికి ఏఆర్ మ్యాగజైన్ ఆకారంలోనే ఉన్న 25 తూటాల .22 మ్యాగజైన్ వస్తుంది.

కిట్‌ని చేతిలోకి తీసుకుని చూస్తే ముందు కొసన ఒక ఉక్కు ముక్క ఉంటుంది. బయటికి అచ్చం .223 ఖాళీ తొడుగులా (తూటా పేలాక మిగిలే లోహపు డబ్బాలా) కనిపిస్తుంది, లోపల మాత్రం .22 ఛాంబర్ (తూటా కూర్చునే గుంట) తొలిచి ఉంటుంది. ఇదే అడాప్టర్. దాని వెనక పట్టాల మీద జారే చిన్న బోల్ట్, ఆ బోల్ట్‌కి సొంత స్ప్రింగ్. అసలు ఏఆర్ బోల్ట్‌లా తిరిగి లాక్ అయ్యే పళ్లు దీనికి ఉండవు. తూటా పేలినప్పుడు తొడుగు వెనక్కి నెడుతుంది, బోల్ట్ బరువూ స్ప్రింగూ ఆ తోపుని ఆపి మళ్లీ ముందుకు తెస్తాయి. .22కి గరిష్ఠ పీడనం 24,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .223కి 55,000. అంత తేడా ఉంది కాబట్టే లాక్ లేకుండా నడుస్తుంది. కిట్ ఉన్నంతసేపు స్టాక్‌లోని బఫర్ (బోల్ట్ వెనక్కి వచ్చే దెబ్బని ఆపే బరువు) కదలదు. ఫార్వర్డ్ అసిస్ట్ (బోల్ట్‌ని ముందుకు తోసే బొత్తం) నొక్కినా ప్రయోజనం ఉండదు.

అమర్చడానికి నిమిషం చాలు. మ్యాగజైన్ తీసేయాలి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితోనూ వేలితోనూ చూడాలి, వెనక పిన్ తోసి రైఫిల్ విప్పాలి, బోల్ట్ క్యారియర్ బయటికి లాగాలి. చార్జింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ని చేత్తో వెనక్కి లాగే పట్టు) మళ్లీ దాని స్థానంలో పెట్టి, అడాప్టర్ ఛాంబర్‌లోకి వెళ్లేలా కిట్‌ని తోసి మూసేయాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త: అప్పర్ తేలిగ్గా మూసుకోకపోతే బలవంతం చేయొద్దు. ఛాంబర్‌లో పేరుకున్న మసి అడాప్టర్‌ని పూర్తిగా కూర్చోనివ్వడం లేదని అర్థం. అడాప్టర్ వెంట్రుకంత వెనక ఉన్నా బోల్ట్ పూర్తిగా మూసుకోదు. అలా కాలిస్తే పల్చటి .22 తొడుగు వెనక వైపు చిట్లి వేడి గ్యాసు మ్యాగజైన్ మీదికీ చేతి మీదికీ వస్తుంది. అందుకే కిట్ పెట్టే ముందు .223 ఛాంబర్‌ని ఛాంబర్ బ్రష్‌తో రుద్దడం తప్పనిసరి.

అసలు తేడా వచ్చేది బ్యారెల్‌లో

.22 గుండు వ్యాసం సుమారు .223 అంగుళం, .223 రైఫిల్ గుండు .224 అంగుళం. పేర్లు చూసి రెండూ వేరు వేరు ప్రపంచాలనుకుంటారు గానీ వ్యాసం దాదాపు ఒకటే. కిట్ సాధ్యమైంది అందుకే. ఇదే కారణంగా .300 బ్లాకౌట్ (ఏఆర్‌లోనే వాడే లావు గుండు తూటా) బ్యారెల్‌లో కిట్ ఎప్పుడూ వాడకూడదు. ఆ గొట్టం .308 అంగుళం, అందులో .22 గుండు గాడులను పట్టుకోకుండా దొర్లుకుంటూ పోతుంది.

వ్యాసం కుదిరినా గాడుల మెలిక కుదరదు. .22 కోసం చేసిన బ్యారెల్‌లో గుండు 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. ఏఆర్ బ్యారెళ్లలో 9, 8, 7 అంగుళాలకే ఒక చుట్టు. సెకనుకు 1,200 అడుగుల వేగంతో వెళ్లే .22 గుండు 16 అంగుళాల మెలికలో నిమిషానికి 54,000 చుట్లు తిరిగితే, 7 అంగుళాల మెలికలో 1,23,000 దాటుతుంది. మెత్తటి సీసపు గుండులో ఏ చిన్న అసమానత ఉన్నా ఆ వేగంలో అది పెద్దదవుతుంది. పైగా అడాప్టర్ నోటి నుంచి గాడులు మొదలయ్యే చోటు దాకా గుండు కాస్త దూరం ఆధారం లేకుండా దూకాలి. నిటారుగా దూకితే సరే, కొంచెం వంగి గాడుల్లోకి దిగిందా, అది లక్ష్యం దాకా వంకరే.

ఫలితం కాగితం మీద తేలుతుంది. 50 గజాల దగ్గర కిట్‌తో సాధారణంగా 2 నుంచి 4 అంగుళాల గ్రూప్ (గుండ్లు తగిలిన చోట్ల మధ్య దూరం) వస్తుంది. మెలిక 9 అంగుళాలైతే మెరుగు, పాత ఎం16 తరహా 12 అంగుళాల మెలికైతే ఇంకా మెరుగు. మంచి .22 బ్యారెల్ ఉన్న అప్పర్ అదే దూరంలో అంగుళం, అంగుళంన్నర లోపల గ్రూప్ ఇస్తుంది. మనిషి ఆకారపు లక్ష్యం మీద 25 గజాల సాధనకు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. గ్రూప్ కొలిచి ట్రిగ్గర్ పట్టు సరిచూసుకునేవాళ్లకు మాత్రం కిట్ అబద్ధం చెబుతుంది. గుండు పక్కకు పోతే తప్పు వేలిదో బ్యారెల్‌దో తేలదు.

ఇంకో చిక్కు గ్యాస్ రంధ్రం, అంటే .223 కాల్చినప్పుడు బోల్ట్‌ని నడిపే గ్యాసు బ్యారెల్ నుంచి పోయే చోటు. .22 తూటాలోని సీసం, మైనం, మసి అన్నీ ఆ రంధ్రం పక్కనుంచే పోతాయి, కొంత లోపలికి చేరుతుంది. కిట్‌తో వందల తూటాలు కాల్చి వెంటనే .223 వేయకూడదు. కిట్ తీసి ముందు ఛాంబర్‌నీ, గాడులు మొదలయ్యే చోటునీ కంచు బ్రష్‌తో రుద్ది, గుడ్డముక్క నడిపి, గొట్టంలోంచి వెలుతురు చూడాలి. అడ్డం ఏమీ లేదని తేలాక కొన్ని .223 తూటాలు కాలిస్తే గ్యాస్ మార్గం శుభ్రమవుతుంది. విప్పడానికి వీల్లేని సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) ఉంటే దాని గుండా .22 అసలు కాల్చొద్దు. లోపల పేరుకున్న సీసాన్ని బయటికి తీసే దారి ఉండదు.

ప్రత్యేక అప్పర్

ఇందులో అడాప్టర్ లేదు. .22 ఛాంబర్ బ్యారెల్‌లోనే ఉంటుంది, మెలిక 16 అంగుళాలు, గ్యాస్ రంధ్రం లేదు. రెండు పిన్నులు తోసి పాత అప్పర్ తీసి దీన్ని పెట్టేస్తే సరి. ట్రిగ్గర్, పిడి, స్టాక్ అన్నీ మన లోయర్‌వే.

దీని లాభాల్లో చాలామంది పట్టించుకోనిది సైట్ (గురి చూసే సాధనం) సంగతి. కిట్ వాడితే .223కి సరిచేసిన జీరో (ఫలానా దూరానికి సైట్‌ని కుదిర్చిన గురి) .22కి పనికిరాదు. గుండు పడే చోటు కిందికే కాదు, కొన్ని రైఫిళ్లలో పక్కకీ జరుగుతుంది. ప్రతిసారీ క్లిక్కులు తిప్పి మళ్లీ వెనక్కి తిప్పడం కంటే, 25 గజాల దగ్గర తేడా ఎంతో కొలిచి రాసిపెట్టుకుని గురి జరపడం నయం. అప్పర్‌కి సొంత సైట్ పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. 50 గజాలకు జీరో చేసిన .22 గుండు 100 గజాల దగ్గర సుమారు 6 అంగుళాలు కిందికి దిగుతుంది. ఆ దూరం దాటి సాధన చేయాలనుకునేవాళ్లకు స్థిరమైన జీరో చాలా అవసరం.

ఖర్చు కిట్‌కి రెట్టింపూ, ఆ పైనా అవుతుంది, సైట్ అదనం. కొందరు తయారీదార్ల కిట్ బోల్ట్‌నే తర్వాత వాళ్ల ప్రత్యేక .22 బ్యారెల్‌తో వాడుకోవచ్చు. అలాంటి కిట్ కొంటే మొదటి ఖర్చు వృథా పోదు. కొనే ముందు ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకోవాలి.

విడి రైఫిల్

2009లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ 15-22 ఈ వర్గంలో అందరికీ తెలిసినది. పాలిమర్ దేహం కాబట్టి తేలిక. చివరి తూటా తర్వాత బోల్ట్ వెనక నిలబడుతుంది, ఏఆర్ ట్రిగ్గర్లలో చాలావరకు ఇందులో పడతాయి. కానీ దీని అప్పర్ మామూలు ఏఆర్ లోయర్ మీద కూర్చోదు. 1964 నుంచి ఉన్న రూగర్ 10/22 ఏఆర్‌లా ఉండదు, సేఫ్టీ, మ్యాగజైన్ మీటలు వేరే చోట ఉంటాయి. అయినా 10 తూటాల రోటరీ మ్యాగజైన్ నమ్మకంగా తినిపిస్తుంది, విడిభాగాలకు కొదవ లేదు.

చట్టం విషయంలో అమెరికాలో ఒక తేడా ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం ఏఆర్‌లో తుపాకీగా లెక్కపడేది లోయరే. కిట్, అప్పర్ విడిభాగాలు. విడి రైఫిల్‌ని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కొంటే కొనేవాళ్ల వివరాల 4473 ఫారం నింపాలి. కొన్ని రాష్ట్రాల్లో 10 తూటాలకు మించిన మ్యాగజైన్ నిషేధం, అది .22కీ వర్తించవచ్చు. బ్రిటన్‌లో 1988 చట్టం తర్వాత సెంటర్‌ఫైర్ (.223లా మందు తూటా అడుగు మధ్యలో ఉండే) సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు నిషేధం, .22 రిమ్‌ఫైర్‌ని (మందు అంచులో ఉండేదాన్ని) మాత్రం సర్టిఫికెట్ మీద ఉంచుకోవచ్చు. సెమీ ఆటోమేటిక్ ఏఆర్‌కి కిట్ పెట్టే ప్రశ్నే అక్కడ రాదు.

ఏ తూటా, ఎక్కడ మొరాయిస్తుంది

మూడింటికీ వర్తించే సూత్రం: 40 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు, రాగిపూత, హై వెలాసిటీ. సీసీఐ మినీ-మ్యాగ్ 40 గ్రెయిన్ తూటా వేగం సెకనుకు 1,235 అడుగులు, కొత్త కిట్‌ని దానితోనే పరీక్షించాలి. సెకనుకు 1,070 అడుగుల స్టాండర్డ్ వెలాసిటీ తూటా చాలా కిట్లలో బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి నెట్టలేదు. తొడుగు ఎజెక్షన్ కిటికీలో (ఖాళీ తొడుగు బయటికి పడే చోట) నిలువుగా ఇరుక్కుంటుంది. పూత లేని సీసపు తూటా చవకే గానీ అడాప్టర్ ముందు సీసం, మైనం పేరుస్తుంది.

మొదటి వంద తూటాల్లో నడిచి తర్వాత తరచూ ఆగుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ మురికే. అడాప్టర్ లోపలి ఛాంబర్‌లో మైనం గట్టిపడి తొడుగుని పట్టేస్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ (తొడుగుని బయటికి లాగే కొక్కెం) గోరు కింద మసి చేరి అంచుని పట్టుకోనివ్వదు. ప్రతి 300 తూటాలకు .22 బ్రష్‌ని అడాప్టర్‌లో నాలుగైదు సార్లు తిప్పి, టూత్‌బ్రష్‌తో ఎక్స్‌ట్రాక్టర్ రుద్ది, పట్టాల మీద రెండు చుక్కల నూనె వేస్తే చాలు. ఎక్కువ నూనె మసిని ముద్ద చేస్తుంది.

ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే రెండు కారణాలు చూడాలి. రిమ్‌ఫైర్‌లో పేలుడు మందు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది, ఒక చోట అది పల్చగా ఉంటే ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టే సూది) అక్కడే తగిలినప్పుడు పేలదు. నోరు సురక్షితమైన దిక్కున ఉంచి 30 సెకన్లు ఆగి, తూటా తీసి, అర చుట్టు తిప్పి మళ్లీ పెట్టాలి. వేర్వేరు బ్రాండ్ల తూటాలతోనూ ఇదే జరుగుతుంటే హ్యామర్ (పిన్‌ని కొట్టే సుత్తి) స్ప్రింగ్ బలహీనమైనది. తేలికపాటి స్ప్రింగులున్న పోటీ ట్రిగ్గర్లతో కిట్లు మొరాయించడం మామూలే, మామూలు బలపు స్ప్రింగ్ వేస్తే కుదురుకుంటుంది. చప్పుడు ఎప్పటికంటే నీరసంగా వస్తే అక్కడితో ఆపి గొట్టం చూడాల్సిందే. గుండు లోపలే ఇరుక్కుని ఉండొచ్చు.

మ్యాగజైన్‌లో తూటాలు నింపేటప్పుడు పక్క బొత్తాన్ని అడుగుదాకా లాగి ఒక్కసారిగా పోయకూడదు. తూటాలు ముక్కు కిందికి దిగి అడ్డంగా పడతాయి. కొద్ది కొద్దిగా లాగుతూ ఒక్కొక్కటే వేయాలి. చాలా కిట్లలో చివరి తూటా తర్వాత బోల్ట్ తెరుచుకుని నిలవదు, ఖాళీ ఛాంబర్ మీద పిన్ పడుతుంది. బోల్ట్‌ని తెరిచి నిలిపే ముక్కలు విడిగా దొరుకుతాయి, మ్యాగజైన్ మార్పిడి సాధన చేసేవాళ్లకు అవి ఉండాలి.

ఏది మేలు

కిట్ ఖరీదు ఐదారు వందల .223 తూటాల ఖర్చుతో సమానం. సాధన ఎక్కువగా చేస్తే త్వరగానే తిరిగొస్తుంది. సొంత రైఫిల్ బరువు, సేఫ్టీ, గురి, కదలిక అలవాటు చేసుకోవడమే లక్ష్యమైతే దీన్ని మించింది లేదు. తన్నుని అదుపు చేయడం మాత్రం .22 ఏ రూపంలోనూ నేర్పదు, దానికి .223 తూటాలు కొంత మిగుల్చుకోవాలి.

7 అంగుళాల మెలిక బ్యారెల్ ఉండి, 50 గజాలు దాటి కాల్చేవాళ్లు కిట్ మీద డబ్బు పెట్టకుండా అప్పర్‌కే వెళ్లాలి. ఇంట్లో కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉండి రెండు రైఫిళ్లు పక్కపక్కన నడవాలంటే విడి రైఫిలే సరి, అప్పర్ మార్చుతూ ఒకరి వంతు కోసం ఇంకొకరు ఆగనక్కర్లేదు. 9 లేదా 12 అంగుళాల మెలిక ఉన్నవాళ్లు కిట్‌తో మొదలుపెట్టి, రెండు మూడు బ్రాండ్ల తూటాలతో 50 గజాల గ్రూపులు కొలిచి చూసుకోవాలి. అది రెండంగుళాల లోపు నిలిస్తే అప్పర్ కొనే పని లేదు.